ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి

1976 జులై 15న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని చౌచిల్లా అనే చిన్న ఊళ్లో ఒక స్కూలు బస్సు మాయమైంది. అందులో 5 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా వయసున్న పిల్లలు 26 మంది, డ్రైవరు ఒకాయన. ముసుగులు వేసుకున్న ముగ్గురు మనుషులు తుపాకులు చూపించి బస్సు ఆపారు. పిల్లల్ని రెండు వ్యాన్లలోకి ఎక్కించారు. బయట ఏముందో కనపడని వ్యాన్లవి. పదకొండు గంటల పాటు ఎక్కడెక్కడో తిప్పారు. చివరికి ఒక క్వారీలో, భూమిలో పాతిపెట్టి ఉంచిన లారీ పెట్టెలోకి దించి, మూత వేసి, పైన మట్టి పోశారు. డబ్బు కోసం చేసిన పని. సుమారు పదహారు గంటల తర్వాత డ్రైవరు, పిల్లల్లో పెద్దవాడైన పద్నాలుగేళ్ల కుర్రాడు కలిసి లోపలున్న పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీదికెక్కి, మూత నెట్టుకుని, మట్టి తోడుకుని దారి చేశారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఊరు ఊరంతా సంబరపడింది. పిల్లల్ని డిస్నీలాండ్ తీసుకెళ్లి చూపించారు. ఒక వైద్యుడు తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఈ ఇరవై ఆరుగురిలో ఏ ఒక్కరి మనసు మీదో దీని ప్రభావం ఉంటుందేమో అని చెప్పాడు. ఇంకేముంది? ఆ ఒక్కరూ మా ఇంట్లోనే ఉన్నారని ఒప్పుకోవడానికి ఎవరికి మనసొస్తుంది? అందరూ మా పిల్ల బాగుందంటే మా పిల్ల బాగుందన్నారు.

కొన్ని నెలలకు లెనోర్ టెర్ అనే పిల్లల సైకియాట్రిస్టు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆ ఊరు వెళ్లారు. పిల్లల్ని ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడారు. నాలుగేళ్లకు మళ్లీ వెళ్లి మళ్లీ మాట్లాడారు. ఆమె చూసిన పిల్లల్లో ఆ దెబ్బ తాలూకు గుర్తు లేని పిల్ల ఒక్కతీ కనపడలేదు. కొందరు ఒకే ఆటను, సరదా అన్నది లేకుండా, పదే పదే ఆడుతున్నారు. వ్యాను కనిపిస్తే భయం, చీకటంటే భయం, కొత్త మనిషంటే భయం. పెద్దయ్యాక ఏం చేస్తావంటే, అంతదాకా బతికుంటానా అన్న ధోరణిలో జవాబులు. బడికి పోతున్నారు, అన్నం తింటున్నారు, అడిగితే బాగానే ఉన్నామంటున్నారు. ఆ బాగానే ఉండటం కింద ఇదంతా ఉంది.

పిల్లల మనసుకు తగిలే దెబ్బ గురించి మనకున్న జ్ఞానంలో ఒక ముఖ్యమైన భాగం ఆ ఊరి నుంచి మొదలైంది. మనసుకు తగిలిన దెబ్బ మానక మిగిలిపోయే ఈ జబ్బుకు పి.టి.ఎస్.డి. అనే పేరు వైద్య గ్రంథాల్లోకి ఎక్కిందే 1980లో. అది కూడా ముఖ్యంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులను చూసి. పిల్లలకీ వస్తుందని, వాళ్లలో వేరే రకంగా బయటపడుతుందని ఒప్పుకోవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

మనకు మాత్రం ఇలాంటివి తక్కువా? 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. 2004 డిసెంబరు 26 సునామీ. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూలు బస్సును రైలు గుద్దింది. ఆ బస్సులో బతికి బయటపడ్డ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉండే వయసువాళ్లు. ఇవి పేపర్లో పడ్డవి. పేపర్లో పడనివి ఇంకా ఎక్కువ. తాగొచ్చిన తండ్రి తల్లిని కొడుతుంటే గడప దగ్గర నిలబడి చూసిన పిల్లాడు. అప్పులవాళ్లు పోయాక పశువుల కొట్టంలో ప్రాణం తీసుకున్న తండ్రిని ముందుగా చూసిన పిల్ల. బంధువు చేతిలోనే లైంగిక దాడికి గురై నోరు మెదపలేని పిల్ల.

భయపెట్టడానికి కాదు నేనివన్నీ చెబుతున్నది. ధైర్యం చెప్పాల్సిన మాట కూడా ఉంది. ఇలాంటి దెబ్బ తగిలిన పిల్లల్లో ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. మొదటి రెండు మూడు వారాలు నిద్రలో కేకలు, పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం, చిరాకు, చదువు మీద ధ్యాస లేకపోవడం మామూలే. చాలా దేశాల్లో జరిగిన పరిశోధనలను గుదిగుచ్చి 2014లో లెక్క వేస్తే, దెబ్బ తగిలిన పిల్లల్లో నూటికి సుమారు పదహారుమందికి పి.టి.ఎస్.డి. వచ్చినట్టు తేలింది. ప్రమాదం, ప్రకృతి వైపరీత్యం అయితే తక్కువ. మనిషి కావాలని చేసిన హింస అయితే ఎక్కువ, అందులోనూ ఆడపిల్లలకు ఎక్కువ. కాబట్టి నెల దాటాక కూడా తగ్గలేదంటే, అప్పుడు వైద్యం కావాలి. ఆ నెలలో ఏం చేస్తాం, నెల తర్వాత ఏం చేస్తాం అన్నదే అసలు సంగతి.

మన ఇళ్లలో రెండు పనులు చేస్తాం. రెండూ ప్రేమతోనే చేస్తాం. ఒకటి, ఆ మాట ఎత్తొద్దు, మర్చిపో అంటాం. రెండోది, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ల ముందూ ఆ పిల్లనే కూర్చోబెడతాం. మేనత్త వస్తుంది, ఎలా జరిగిందే తల్లీ అంటుంది. పిల్ల చెబుతుంది. అత్త ఏడుస్తుంది. సాయంత్రం ఇంకో ఆటోలో ఇంకో నలుగురు దిగుతారు. మళ్లీ మొదటి నుంచి. ఇక ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్లాడి మూతి దగ్గర మైకు పెట్టి, ఆ సమయంలో నీకేమనిపించింది అని అడిగే టీవీవాళ్ల సంగతి నేను మర్యాదగా చెప్పలేను. నేరంలో బాధితులైన పిల్లలు, సాక్షులైన పిల్లలు ఎవరో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం కింద నేరం. ఆ మైకు పట్టుకున్నవాళ్లకు ఆ సంగతి గుర్తు చేసే హక్కు మీకుంది.

వెంటనే చెప్పించెయ్యాలి, చెప్పేస్తే బరువు దిగిపోతుంది అన్న ఆలోచన మన మేనత్తలకే పరిమితం కాదు. వైద్యులూ అలాగే నమ్మారు. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే ఆయన డీబ్రీఫింగ్ అనే పద్ధతి పెట్టారు. ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోపే కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఏం చూశావు, ఏమనిపించింది అని ఒక్క విడతలో అంతా చెప్పించడం. నిప్పు ఆర్పేవాళ్లు, అంబులెన్సువాళ్ల కోసం మొదలైన ఈ పద్ధతి కొన్నేళ్లలో ప్రపంచమంతా పాకింది. ఎక్కడ విమానం కూలినా, ఎక్కడ బళ్లో కాల్పులు జరిగినా ఈ బృందాలు దిగిపోయేవి. తీరా పరీక్షించి చూస్తే కథ వేరుగా ఉంది. వేల్స్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు డీబ్రీఫింగ్ ఇచ్చి, రెండో జట్టును మామూలుగా వదిలేశారు. పదమూడు నెలల తర్వాత చూస్తే, చెప్పించిన జట్టులో నూటికి 26 మందికి పి.టి.ఎస్.డి. ఉంది. వదిలేసిన జట్టులో 9 మందికే. ఇలాంటి పరీక్షలు పోగుపడి పోగుపడి, చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013లో ఈ పద్ధతి వద్దని రాసింది.

మరి మొదటి రోజుల్లో ఏం చేయాలి? పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం సారాంశం మూడు మాటలు: చూడు, విను, కలుపు. పిల్లకు అన్నం, నిద్ర, తల దాచుకునే చోటు ఉన్నాయా అన్నది చూడండి. తనంతట తాను చెబితే వినండి, మధ్యలో ఆపకండి, చెప్పకపోతే అడగకండి. తల్లి దగ్గరికో, తండ్రి దగ్గరికో, నమ్మకమున్న పెద్దమనిషి దగ్గరికో చేర్చండి, కావలసిన సాయం ఎక్కడ దొరుకుతుందో అక్కడికి కలపండి. వీలైనంత త్వరగా బడి, ఆట, నిద్ర వేళలు మామూలు దారిలోకి తేవాలి. పరామర్శకు వచ్చినవాళ్లకు జరిగింది చెప్పే పని పిల్ల మీద పెట్టకుండా మీరే చెప్పండి. పిల్లను ఇంకో గదిలో ఆడుకోనివ్వండి.

ఇక నెల దాటినా తగ్గని పిల్లల సంగతికి వద్దాం. ఒక అమ్మాయిని ఊహించుకుందాం. నిజంగా ఉన్న పిల్ల కాదు, చాలా ఇళ్లలో జరిగేవి కలిపి నేను అల్లిన పిల్ల. పల్నాడులో ఒక ఊరు. పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. బడి లేని రోజున తల్లితో మిరప కోతకు వెళ్తుంది. పొద్దున్నే కూలీల ఆటో, అందులో పట్టేదానికి రెండింతల మంది. ఆ పూట ఆటో అంచున కూర్చున్న పిల్ల, చలేస్తోందని పక్కింటి పిన్నితో చోటు మార్చుకుంది. అయిదు నిమిషాలకు లారీ వచ్చి గుద్దింది. అంచునున్న పిన్ని అక్కడికక్కడే పోయింది. ఈ పిల్లకు మోచేయి దోక్కుపోయింది, అంతే.

రెండు నెలలైంది. లారీ హారన్ వినబడితే చెవులు మూసుకుంటోంది. బడికి ఆటోలోనే పోవాలి కాబట్టి బడి మానేసింది. పొద్దున లేస్తూనే కడుపునొప్పి. జడుసుకుందని దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. తర్వాత ఆర్‌ఎంపీ, తర్వాత పట్నంలో స్కానింగు, రిపోర్టులో ఏమీ లేదు. తల్లేమో ఆ మాట ఎత్తనివ్వదు. ఇంకో సంగతి ఎవరికీ అంతు చిక్కట్లేదు. పోయిన పిన్ని కూతురు వీధిలో కనపడితే ఈ పిల్ల ఇంట్లోకి పారిపోతోంది. ఇద్దరూ అంతకుముందు ఒక్క కంచంలో తినేవాళ్లు.

తాయెత్తుతో నాకు పేచీ లేదు. ఇంటిల్లిపాదీ పిల్ల చుట్టూ చేరి, చెయ్యేసి, నీకేం కాదమ్మా అనే సందర్భం అది. అంతటితో అయిపోయిందనుకుంటేనే ఇబ్బంది.

ఇలాంటి పిల్లలకు ఈ రోజు ఎక్కువ ఆధారాలున్న వైద్యం ట్రామా ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పేరు నోరు తిరగనిదే, పద్ధతి మాత్రం సూటిగా ఉంటుంది. అమెరికాలో జుడిత్ కోహెన్, ఆంథొనీ మన్నరినో, ఎస్తర్ డెబ్లింజర్ అనే ముగ్గురు, లైంగిక దాడికి గురైన పిల్లలతో పనిచేస్తూ దీన్ని తయారు చేశారు. మూడేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పనికొస్తుంది. వారానికి ఒకసారి చొప్పున పన్నెండు నుంచి పదహారు వారాలు.

మన పిల్ల మొదటి వారం వెళ్లిందనుకోండి. అక్కడ ఎవరూ ఆటో గురించి చెప్పు అని మీద పడరు. ముందు పిల్లకూ, తల్లికీ పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతారు. మంచె మీద కాపలా మనిషి ఉంటాడు. ఒకసారి నిజంగానే అడవిపంది వచ్చి చేను తొక్కింది. ఆ రోజు నుంచి ఆకు కదిలినా అతను కేకలు పెట్టి ఊరిని లేపుతున్నాడు. వాడు పిచ్చివాడు కాదు, పని చేస్తున్నాడు, కాకపోతే ఎక్కువ చేస్తున్నాడు. నీ గుండె దడ కూడా అంతే అంటారు. నాకు పిచ్చి పట్టిందేమో అని లోలోపల కుళ్లిపోతున్న పిల్లకు ఈ ఒక్క మాటతో సగం ఊపిరి ఆడుతుంది.

తర్వాత రెండు మూడు వారాలు పనిముట్లు చేతికివ్వడం. ఊపిరి నెమ్మదిగా వదలడం, కండరాలు బిగించి సడలించడం. భయానికి మార్కులు వేయడం నేర్పుతారు: ఇప్పుడు పదికి ఎంత? మన పిల్లలకు మార్కులు వేయడం రాకపోవడమన్నది ఉండదు. భయం, సిగ్గు, కోపం, తప్పు చేశానన్న బాధ, వీటిని ఒకదాని నుంచి ఒకటి విడదీసి చెప్పడం మాత్రం కొత్త. కడుపునొప్పి అన్న ఒక్క మాటలో అప్పటిదాకా ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి.

ఆ తర్వాతే కథ. నోటుబుక్కులో మొదటి పేజీ, నేనెవరు, నాకేమిష్టం. రెండో పేజీ, ఆ రోజు ముందు రోజు. తర్వాత పొద్దున లేవడం, సద్దిమూట కట్టుకోవడం, ఆటో ఎక్కడం. వారానికి కొంచెం. అన్నిటికంటే బాధగా ఉన్న క్షణాన్ని చివరికి ఉంచుతారు. రాసిందాన్ని పైకి చదవాలి. మొదటిసారి చదివినప్పుడు భయం పదికి తొమ్మిది. మళ్లీ చదివితే ఎనిమిది. ఇంకోసారి, అయిదు. జ్ఞాపకం పోదు. దాని ముందు కూర్చోగలిగే శక్తి వస్తుంది.

ఆ చివరి పేజీ దగ్గరే, పిన్ని కూతురిని చూసి ఎందుకు పారిపోతోందో బయటపడుతుంది. నేను చోటు మార్చుకోబట్టే పిన్ని చచ్చిపోయింది. రెండు నెలలుగా ఈ వాక్యాన్ని పిల్ల ఒంటరిగా మోస్తోంది. ఇక్కడ అనుభవం లేనివాళ్లు వెంటనే, ఛ ఛ, నీ తప్పేం లేదు అనేస్తారు. పిల్ల సరే అంటుంది, నమ్మదు. తెలిసినవాళ్లు అడుగుతారు. లారీ వస్తోందని నీకు తెలుసా? తెలీదు. తెలిసి ఉంటే ఏం చేసేదానివి? ఆటో ఆపించేదాన్ని. పిన్నిని అక్కడెందుకు కూర్చోమన్నావు? చలేసి. కాగితం మీద ఒక గుండ్రం గీసి, ఇందులో ఎవరి వాటా ఎంత అంటారు. లారీ డ్రైవరుకు కొంత, అంతమందిని ఎక్కించిన ఆటోవాడికి కొంత, తొందరగా రమ్మన్న మేస్త్రీకి కొంత. అన్నీ పంచాక తన వాటా గీయడానికి ఎంత చోటు మిగిలిందో పిల్ల తన కళ్లతో చూసుకుంటుంది. చెప్పడం కంటే ఈ చూసుకోవడం గట్టిది.

పక్కనే ఇంకో పని నడుస్తుంది. ఆటో స్టాండు దగ్గర నిలబడటం. ఆగి ఉన్న ఆటోలో తల్లితో కూర్చోవడం. తర్వాత ఊరి చివర గుడి దాకా. తర్వాత బడి దాకా. నిజంగా ప్రమాదమున్న చోట ఈ పని చేయరు. కిక్కిరిసిన కూలీల ఆటోకు భయపడటం జబ్బు కాదు, తెలివి.

ఈ వైద్యంలో నాకు అన్నిటికంటే నచ్చేది తల్లికిచ్చే చోటు. పిల్లతో ఎంత సేపు కూర్చుంటారో, తల్లితోనూ సుమారు అంతే సేపు విడిగా కూర్చుంటారు. ఆ ఆటోలో తల్లి కూడా ఉంది కదా. మర్చిపో అంటున్నది పిల్ల కోసమేనా, తను వినలేకనా? పిల్ల నోటుబుక్కులో ఉన్నది తల్లికి ముందే వినిపించి, ఆమె కన్నీళ్లు ఆమె ఏడ్చాక, అప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. పిల్ల చదువుతుంది. తల్లి కుప్పకూలిపోకుండా వింటుంది. అమ్మ వినగలిగింది అన్నది పిల్లకు అప్పుడు తెలుస్తుంది.

అందరికీ ఇంత సాఫీగా సాగదు. వారానికొక రోజు పట్నం వెళ్లాలంటే ఇద్దరి కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. నాలుగో వారం, సరిగ్గా నోటుబుక్కు తీసే సమయానికి మానేసేవాళ్లు చాలామంది. కొన్నాళ్లు రాత్రి కలలు ఎక్కువవడం కూడా ఉంటుంది. వస్తుందని ముందే చెప్పకపోతే వైద్యం వికటించిందనుకుంటారు. అసలీ పద్ధతిలో తర్ఫీదు పొందినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? వేళ్ల మీద లెక్క.

ఈ కొరతకు జవాబు ఉందా అంటే ఉంది. మన సముద్రం అవతలి గట్టున, శ్రీలంకలోనే ఉంది. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం మనస్తత్వవేత్తలు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అనే పద్ధతిని శరణార్థుల కోసం తయారుచేశారు. నేల మీద ఒక తాడు పరుస్తారు. అది పిల్ల పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా గడిచిన జీవితం. సంతోషం కలిగిన చోట ఒక పువ్వు, దెబ్బ తగిలిన చోట ఒక రాయి పెట్టమంటారు. చిన్న బాధకు చిన్న రాయి, పెద్ద బాధకు పెద్దది. తాడు చివర కొంత చుట్ట చుట్టి వదిలేస్తారు, అది ఇంకా రావలసిన జీవితం. ఆ తర్వాత ఒక్కొక్క రాయి దగ్గరా ఆగి, ఆ కథ మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పిస్తారు. సునామీ తర్వాత శ్రీలంక ఈశాన్యంలోని తమిళ ప్రాంతంలో, యుద్ధం, సునామీ రెండూ చూసిన 31 మంది పిల్లలకు, స్థానికంగా తర్ఫీదు పొందిన కౌన్సెలర్లతో ఆరు విడతల్లో వైద్యం చేయించారు. సగంమందికి ఈ తాడు పద్ధతి. మిగతా సగానికి ధ్యానం, ఊపిరి, ఒళ్లు సడలించుకునే పద్ధతి. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి జట్టులో నూటికి 81 మంది, రెండో జట్టులో 71 మంది కోలుకున్నారు.

ఈ లెక్క నాకు కొంచెం ఇబ్బందికరమైనదే. కథ చెప్పించడమే మందు అని ఇంతసేపూ చెప్పాను, కథ ఊసెత్తని జట్టు కూడా దాదాపు అంతే బాగుపడింది. జట్లు చిన్నవి, దాన్నిబట్టి పెద్ద తీర్పులు చెప్పకూడదు. కానీ నేనొకటి గమనించాను. రెండు జట్లలోనూ, తమ భాష మాట్లాడే ఒక పెద్ద మనిషి, చెప్పిన రోజున చెప్పిన వేళకు, ఒక్కరి కోసమే వచ్చి కూర్చున్నారు. ఏ పద్ధతికైనా అది పునాది అనుకుంటాను.

ఆలస్యమైపోయిందేమో అని దిగులుపడేవాళ్లకు ఒక మాట. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో భూకంపం వచ్చింది. పట్టపగలు, బళ్లు నడుస్తున్న వేళ. గ్యుమ్రి అనే నగరంలో కొన్ని బళ్ల పిల్లలకు ఏడాదిన్నర తర్వాత, కొన్ని వారాల పాటు, తరగతి గదుల్లోనే గుంపుగా కొంత, విడిగా కొంత వైద్యం చేశారు. భూకంపమైన మూడేళ్లకు లెక్క చూస్తే వైద్యం అందిన పిల్లల్లో లక్షణాలు తగ్గాయి. అందని పిల్లల్లో తగ్గకపోగా పెరిగాయి. కాలమే మాన్పుతుంది అనే మాట ఆ రెండో గుంపు విషయంలో నిజం కాలేదు.

ఇ.ఎం.డి.ఆర్. గురించి కూడా మీలో కొందరు విని ఉంటారు. 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ మొదలుపెట్టారు. బాధాకరమైన దృశ్యాన్ని తలుచుకుంటూ, ఎదుటివారి వేళ్లు అటూ ఇటూ కదులుతుంటే కళ్లతో వాటిని వెంబడించడం. చూడటానికి గారడీలా ఉంటుంది. ఆ కళ్ల కదలికకు నిజంగా ప్రభావం ఉందా, లేక జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడమే పని చేస్తోందా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. ఫలితం ఉందన్నది మాత్రం పరీక్షల్లో తేలింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సిఫారసు చేసిన పద్ధతుల్లో ఇది కూడా ఉంది. ఎక్కువ మాట్లాడలేని, రాయలేని పిల్లలకు ఇది వీలుగా ఉంటుంది.

మందుల సంగతి కొద్దిగా. నిద్ర పట్టట్లేదని పిల్లలకు నిద్రమాత్రలు కొనిపెట్టడం మన ఊళ్లలో చాలా తేలికైపోయింది. దెబ్బ తగిలిన తొలి నెలలో ఆ రకం మందులు పిల్లలకు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పద్దెనిమిదేళ్లలోపువాళ్లకు పి.టి.ఎస్.డి. కోసమని మందులివ్వొద్దని 2018లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి. అయితే తీవ్రమైన డిప్రెషన్ లాంటివి తోడైతే సైకియాట్రిస్టు మందు రాయొచ్చు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు నా మాట విని మధ్యలో ఆపకండి, రాసిన డాక్టరునే అడగండి.

ఇంతవరకు అయిపోయిన దెబ్బ గురించి మాట్లాడాను. అయిపోని దెబ్బ ఉంటుంది. కొట్టేవాడు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు, చెయ్యి వేసినవాడు ఇంకా భోజనానికి వస్తున్నాడు. అక్కడ నోటుబుక్కులు, తాళ్లు ముందు పనికిరావు. ముందు ఆ పిల్లకు రక్షణ కావాలి. భయపడటం ఆపమని ఆ పిల్లకు నేర్పడం అన్యాయం కూడా. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లెవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. టీచరైనా, డాక్టరైనా, పిన్నమ్మైనా. పరువు పోతుందని దాచడం ఆ చట్టం కింద నేరం. చట్టం పిల్లలకిచ్చిన వెసులుబాట్లు చాలామందికి తెలియవు. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళ అయి ఉండాలి. కోర్టులో నిందితుడు పిల్లకు ఎదురుగా కనపడకూడదు. వకీళ్లు పిల్లను నేరుగా ప్రశ్నించడానికి లేదు, జడ్జి ద్వారానే అడగాలి. సాక్ష్యానికి పదే పదే పిలవకూడదు. ఇవన్నీ చదువుతుంటే నాకిది చట్టంలా కాక వైద్యంలా కనిపిస్తుంది. కేసు తేలేదాకా థెరపీ మొదలుపెట్టకూడదని కొందరు భయపెడతారు. అలాంటి నిబంధనేమీ లేదు. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది, పిల్ల అంతకాలం ఆగలేదు.

టీచర్లకు నేను చెప్పేవి చిన్న చిన్న పనులే. ప్రార్థన సమయంలో మైకులో ఆ పిల్ల పేరు చదివి అందరి చేత సానుభూతి చెప్పించకండి. తలుపు దగ్గర కూర్చోనివ్వండి, ఊపిరాడనట్టు అనిపిస్తే అడగకుండా బయటికెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చని చెప్పండి. దీపావళి టపాకాయలు, అగ్నిమాపక డ్రిల్లు, గట్టిగా మోగే గంట, ఇలాంటివి ఉన్నప్పుడు ముందు రోజే ఆ పిల్ల చెవిన వేయండి. కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు, పక్కవాణ్ని కొడతాడు అనే పిల్లాడిని శిక్షించే ముందు, వీడి ఇంట్లో ఈ మధ్య ఏం జరిగింది అని ఒక్కసారి ఆరా తీయండి. పదహారేళ్ల పిల్లల్లో దిగులు దిగులులా కనపడదు. కోపంలా, రాత్రంతా ఫోనులా, బండి మీద వేగంలా కనపడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి అన్నది ఇక మిగిలింది. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లకు ప్రమాదం పొంచి ఉంటే 1098, ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. హైదరాబాదువాళ్లకు ఎర్రగడ్డ, విశాఖవాళ్లకు చినవాల్తేరు మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది, అక్కడ క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా అని అడగండి. పేరు చూసి సిగ్గుపడొద్దు, లోపల ఉండేది ఓపీ చీటీ, బెంచీ, డాక్టరే.

వెళ్లినచోట మీరు కూడా రెండు ప్రశ్నలు అడగండి. పిల్లతో మీరు ఏం చేస్తారు? నాతో ఏం చేస్తారు? మొదటిదానికి, జరిగిందంతా ఈ రోజే చెప్పించేస్తాం అన్నా, ఏమీ మాట్లాడనక్కర్లేదు ఈ మాత్ర వేయండి అన్నా, ఇంకోచోట కూడా అడిగి చూడండి. రెండోదానికి, మీరు బయట కూర్చోండి అని ఊరుకుంటే, లేదండీ, నాకూ కొంచెం సమయం కావాలి అని గట్టిగానే అడగండి.